లైనక్స్ వీడియో క్యాప్చర్ బఫర్లు: ఎన్ని దొరుకుతాయి, ఎంత పడతాయి, ఎక్కడ ఆగిపోతాయి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

"కెమెరా పెట్టాను, ప్రోగ్రాం రాశాను, మెమరీ లేదంటోంది. మెషీన్‌లో చూస్తే 16 జీబీ ర్యామ్ ఉంది." ఈ మాటతో మొదలయ్యే ప్రశ్నలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కలేదు. చాలాసార్లు తప్పు ర్యామ్‌ది కాదు. క్యాప్చర్ దారిలో నాలుగైదు వేర్వేరు హద్దులున్నాయి. వాటిలో చాలావాటి ఎర్రర్లు చోటో మెమరీయో లేదన్నట్టే ఉంటాయి కాబట్టి గందరగోళం. అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నాను.

బఫర్ అంటే ఒక ఫ్రేము (ఒక బొమ్మ) పట్టే మెమరీ ముక్క. పేర్లు మనం నోటితో పలికేటట్టే రాశాను. బఫర్లు అడిగే కాల్ రెక్‌బఫ్స్, ఖాళీ బఫర్ డ్రైవర్‌కి ఇచ్చేది క్యూబఫ్, నిండినది వెనక్కి తీసుకునేది డీక్యూబఫ్, క్యాప్చర్ మొదలుపెట్టేది స్ట్రీమ్ ఆన్, ఆపేది స్ట్రీమ్ ఆఫ్. చెప్పేదంతా లైనక్స్‌లో ప్రోగ్రాంలు కెమెరాలతో మాట్లాడే వీ4ఎల్2 పద్ధతి గురించి.

## కోడ్ మొదలుపెట్టకముందు

అసలు ఇన్ని బఫర్లెందుకు? ఒకటి పెట్టుకుని నింపుకుంటూ పోతే సరిపోదా?

మున్సిపాలిటీ కుళాయి దగ్గర బిందెల వరస గుర్తుకు తెచ్చుకోండి. నీళ్లు వచ్చేది అరగంటే, కుళాయి మన కోసం ఆగదు. ఒక్క బిందే ఉంటే, అది ఇంట్లో దించి వచ్చేలోపు వచ్చిన నీళ్లన్నీ కాలవలోకే. నాలుగు బిందెలుంటే ఒకటి కుళాయి కింద, ఒకటి చంకలో, మిగతావి వరసలో. కెమెరా సెన్సర్ కూడా అంతే. సెకనుకి 30 ఫ్రేములంటే ప్రతి 33 మిల్లీసెకన్లకు ఒకటి వచ్చి పడుతుంది, మీ ప్రోగ్రాం తీరిక కోసం చూడదు. డ్రైవర్ చేతిలో ఖాళీ బఫర్ లేని క్షణాన వచ్చిన ఫ్రేము పోయినట్టే.

ఒక్కో బఫర్‌కి ఎంత మెమరీ పడుతుందో ఎలా లెక్కేయాలి?

అడ్డం × నిలువు × ఒక పిక్సెల్‌కి పట్టే బైట్లు. పిక్సెల్ రంగుల్ని దాచే పద్ధతే ఫార్మాట్. యుయ్‌వై (YUYV) ఫార్మాట్‌లో పిక్సెల్‌కి 2 బైట్లు, ఎన్‌వీ12లో ఒకటిన్నర, ఆర్‌జీబీ24లో 3. 640×480 యుయ్‌వై ఫ్రేము 6,14,400 బైట్లు. 1920×1080కి అదే ఫార్మాట్ 41,47,200 బైట్లు, ఎన్‌వీ12 అయితే 31,10,400. 4కే యుయ్‌వై ఒక్క ఫ్రేమే 1,65,88,800 బైట్లు. అలాంటివి 32 అడిగితే 53 కోట్ల బైట్లు దాటుతుంది.

ఇది అంచనాకి మాత్రమే. కోడ్‌లో ఈ గుణకారం మీద ఆధారపడకండి. చాలా చిప్‌లు నిలువును 16 గుణిజానికి సర్దుతాయి, అప్పుడు 1080 కాస్తా 1088 అవుతుంది, ఎన్‌వీ12 ఫ్రేము 31,33,440 బైట్లకు చేరుతుంది. కొన్ని ప్రతి వరస చివరా ఖాళీ వదులుతాయి. ఫార్మాట్ సెట్ చేశాక డ్రైవర్ తిరిగిచ్చే సైజ్‌ఇమేజ్ విలువే అసలు లెక్క. ప్రతి ఫ్రేమునూ జేపెగ్‌గా కుదించే ఎంజేపెగ్‌కి అయితే గుణకారమే కుదరదు. కెమెరా తన వివరాల జాబితాలో (డిస్క్రిప్టర్) చెప్పుకున్న గరిష్ఠ సైజునే యూవీసీ డ్రైవర్, అంటే మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌ల డ్రైవర్, కేటాయిస్తుంది. ఆ అంకె అసలు ఫ్రేముకి ఎన్నో రెట్లు ఉండే కెమెరాలు బోలెడు.

సరే, ఎన్ని అడగమంటారు?

మామూలు పనికి 4. డిస్క్‌కి రాసే రికార్డింగ్‌కి 8, ఎందుకంటే డిస్క్ అప్పుడప్పుడు ఊపిరి తీసుకుంటుంది. లైవ్‌గా చూపించడానికో, రోబో కంటికో అయితే 3 చాలు. 32 అడగడం నా దృష్టిలో జబ్బును దుప్పటి కప్పి దాచడమే.

## బఫర్లు అడిగేటప్పుడు

32 అడిగాను, 20 ఇచ్చింది. ఎర్రర్ కూడా చూపించలేదు. డ్రైవర్ తప్పా?

తప్పు కాదు, ఒప్పందమే అంత. రెక్‌బఫ్స్‌లో మీరు రాసే సంఖ్య కోరిక మాత్రమే. డ్రైవర్ ఎన్ని ఇచ్చిందో అదే కౌంట్ ఫీల్డ్‌లో తిరిగి రాస్తుంది. కాల్ అయ్యాక దాన్ని మళ్లీ చదవకుండా మీ 32తోనే లూప్ తిప్పితే 21వ బఫర్ దగ్గర ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ వచ్చి పడిపోతుంది.

20 అనే అంకె ఎక్కడిదో కూడా చెప్పొచ్చు. సీఎక్స్88 లాంటి పాత పీసీఐ కార్డుల డ్రైవర్లలో విడ్_లిమిట్ అని ఒక మాడ్యూల్ పారామీటర్ ఉండేది. అన్ని బఫర్లూ కలిపి దాటకూడని హద్దు అది, డిఫాల్ట్ 16 ఎంబీ, అంటే 1,67,77,216 బైట్లు. పాల్ (మన పాత టీవీ ప్రమాణం) ఫ్రేము 720×576, పిక్సెల్‌కి 2 బైట్లు, మొత్తం 8,29,440. భాగిస్తే 20, పైన కాస్త మిగులు. డ్రైవర్ నిశ్శబ్దంగా 20 దగ్గర ఆపేస్తుంది. మొత్తం ర్యామే 128 ఎంబీ, 256 ఎంబీ ఉన్న రోజుల జాగ్రత్త అది. అలాంటి కెర్నెల్ ఇంకా నడుపుతుంటే మాడ్యూల్ లోడ్ చేసేటప్పుడు ఆ అంకె పెంచుకోవచ్చు.

రెండే అడిగితే నాలుగు ఇచ్చింది. ఎందుకంత దాతృత్వం?

హార్డ్‌వేర్‌కి కనీసం ఇన్ని అని ఒక లెక్క ఉంటుంది. ఒక ఫ్రేము రాస్తుండగానే తర్వాతి ఫ్రేము చిరునామా చిప్‌లో ముందే పెట్టాలి కాబట్టి ఒక్క బఫర్‌తో డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా చిప్ నేరుగా మెమరీలోకి రాయడం) నడవదు. యూఎస్‌బీ టీవీ స్టిక్‌ల ఈఎం28ఎక్స్ఎక్స్ డ్రైవర్ పాత కోడ్‌లోనైతే కనీసం 4, సున్నా అడిగితే 8 అని సూటిగా రాసి ఉండేది. ఎక్కువ ఇస్తే అన్నిటినీ మ్యాప్ చేసుకుని (అంటే మీ ప్రోగ్రాంకి కనిపించేలా కలుపుకుని) అన్నిటినీ క్యూలో పెట్టండి.

32 దాటి ఇవ్వదా?

క్యాప్చర్ డ్రైవర్లలో దాదాపు ఎక్కడా ఇవ్వదు. 32 అనేది వీ4ఎల్2 హెడర్‌లోనే వీడియో_మ్యాక్స్_ఫ్రేమ్ పేరుతో రాసిపెట్టిన అంకె. వీడియో డీకోడర్లకు ఇది ఇరుకైంది, అందుకే 2024లో వచ్చిన కెర్నెళ్లలో ఒక్కో క్యూ తన గరిష్ఠాన్ని తానే చెప్పుకునే వీలు పెట్టారు. కెమెరా కోసం 32 దాటాలనిపిస్తోందంటే మీకు కావాల్సింది డ్రైవర్ బఫర్లు కావు. ఫ్రేమును కాపీ చేసి మీ సొంత క్యూలో పెట్టుకోండి, అక్కడ హద్దు మీ ర్యామే.

ర్యామ్ 3 జీబీ ఖాళీ ఉంది. అయినా "కెనాట్ అలొకేట్ మెమరీ" అంటుందేం?

ఖాళీ ఉండటం వేరు, ఒకే వరసలో ఖాళీ ఉండటం వేరు. బస్సులో పది సీట్లు ఖాళీగా ఉండొచ్చు, కానీ పక్కపక్కన మూడు కావాలంటే దొరకవు. చాలా ఆర్మ్ బోర్డుల మీది కెమెరా బ్లాకులకు ముక్కలను కలిపి చూసే ఐఓఎంఎంయూ ఉండదు. ఫ్రేము మొత్తం ఫిజికల్ మెమరీలో ఒకే చెక్కగా కావాలి.

కెర్నెల్ మామూలు పేజీ అలొకేటర్, 4 కేబీ పేజీలతో, సాధారణంగా ఒక్కసారికి ఇవ్వగలిగిన పెద్ద చెక్క 1024 పేజీలు, అంటే 4 ఎంబీ, 41,94,304 బైట్లు. 1080పీ యుయ్‌వై ఫ్రేము 41,47,200. వెంట్రుకవాసిలో పట్టింది. అదే ఆర్‌జీబీ24 అయితే 62 లక్షలు దాటింది, ఇక ప్రశ్నే లేదు. పట్టే సైజు అయినా, మెషీన్ రెండు రోజులు నడిచాక అంత పెద్ద చెక్కలు చితికిపోయి ఉంటాయి. ప్రాక్ ఫైల్ సిస్టంలో బడ్డీఇన్ఫో ఫైల్ తెరిచి చివరి నిలువు వరస చూడండి. అక్కడ సున్నాలుంటే కారణం దొరికినట్టే.

ఈ అవసరానికే సీఎంఏ అనే ప్రత్యేక ప్రాంతాన్ని బూట్ సమయంలోనే పక్కన పెడతారు. అది కూడా చాలకపోతే కెర్నెల్ లాగ్‌లో ఒక లైన్ వస్తుంది: అలొక్ ఫెయిల్డ్, రెక్-సైజ్ 1519 పేజెస్, రెట్ మైనస్ 12. దాన్ని చదవడం తేలికే. 1519ని 4096తో గుణిస్తే 62,21,824. అంటే 1080పీ ఆర్‌జీబీ24 ఫ్రేము ఒకటి, పేజీ హద్దుకి సర్దాక. మైనస్ 12 అంటే చోటు లేదని. మైనస్ 16 వస్తే కథ వేరు: చోటుంది కానీ అందులో కదలని పేజీలెవరివో కూర్చున్నాయి.

మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌కి ఈ బాధ లేదు. యూవీసీ డ్రైవర్ బఫర్లు విడివిడి పేజీలను కలిపి ఇచ్చే వీమాలక్ నుంచి వస్తాయి, ముక్కలైనా ఫర్వాలేదు.

సీఎంఏ ఎంత పెట్టాలి?

కెర్నెల్ కాన్ఫిగ్‌లో డిఫాల్ట్ 16 ఎంబీ. అందులో 1080పీ ఎన్‌వీ12 బఫర్లు 5 పడతాయి, 4కే ఎన్‌వీ12 ఒక్కటే పడుతుంది. మీ బోర్డు తయారీదారు పెంచి ఇచ్చి ఉండొచ్చు. మెమ్‌ఇన్ఫోలో సీఎంఏటోటల్, సీఎంఏఫ్రీ రెండూ చూసుకోండి. క్యాప్చర్‌కి కావాల్సింది, డిస్‌ప్లేకి కావాల్సింది, ఎన్‌కోడర్‌ది కూడా కూడి, పైన మూడో వంతు కలిపి, బూట్ లైన్‌లో సీఎంఏ ఈక్వల్స్ అని రాయండి. ముగ్గురూ తినేది ఒకే కుండలోంచి. కెమెరా ఒక్కదానికే లెక్కేసి, బ్రౌజర్ తెరవగానే క్యాప్చర్ పడిపోయిందని వచ్చేవాళ్లు ఎక్కువ.

మరీ పెంచితే నష్టమా అంటే, వాడని సీఎంఏని కెర్నెల్ కదిలించగల పేజీలకు ఇచ్చుకుంటుంది కాబట్టి పూర్తిగా వృథా కాదు. కానీ 1 జీబీ బోర్డులో 512 ఎంబీ పెడితే కెర్నెల్ సొంత అవసరాలకు ఇబ్బంది అవుతుంది.

పాత టీవీ ట్యూనర్ కార్డు డ్రైవర్‌లో జీబఫ్‌సైజ్ హెక్స్‌లో 208000 అని ఉంది. ఆ అంకె ఏంటి?

బీటీటీవీ డ్రైవర్‌ది. బీటీ848, బీటీ878 చిప్‌ల కార్డులు మన దగ్గర కూడా ఒకప్పుడు చాలామంది కంప్యూటర్లలో ఉండేవి. దశాంశంలో అది 21,29,920. పాల్‌లో ఆ డ్రైవర్ ఇచ్చే పూర్తి వెడల్పు 924, నిలువు 576, పిక్సెల్‌కి 4 బైట్లు: 21,28,896. దాన్ని పేజీ హద్దుకి సర్దితే సరిగ్గా 520 పేజీలు, అదే ఈ అంకె. మంత్రమేమీ లేదు, గరిష్ఠ ఫ్రేము సైజు అంతే. జీబఫర్స్ అనేది డిఫాల్ట్‌గా 8, 2 నుంచి 32 దాకా మార్చుకోవచ్చు. రెండూ గుణిస్తే 16 ఎంబీ పైచిలుకు.

రెక్‌బఫ్స్ దగ్గరే "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అంటోంది.

ఇంకో ప్రోగ్రాం ముందే బఫర్లు తీసుకుని కూర్చుంది. ఫ్యూజర్ కమాండ్‌కి డివైస్ ఫైల్ పేరు ఇస్తే ఆ ప్రాసెస్ నంబర్ చెప్తుంది. వేరెవరూ లేకపోతే మీరే: స్ట్రీమ్ ఆపకుండా, పాతవి వదలకుండా మళ్లీ అడిగారు. స్ట్రీమ్ ఆఫ్, అన్ని మ్యాపింగ్‌లకీ మన్‌మ్యాప్, తర్వాత కౌంట్ సున్నాతో రెక్‌బఫ్స్, ఆ తర్వాత కొత్త ఫార్మాట్. ఈ వరస తప్పితే బిజీయే.

## యూఎస్‌బీ కెమెరాలతో

"నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని వస్తోంది. డిస్క్‌లో 200 జీబీ ఖాళీ ఉంది కదా?

ఈ ఎర్రర్ నన్ను కూడా ఒకసారి బాగానే ఆడించింది. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు ధర్మకాటా మీద లారీ నంబర్ ప్లేటు, లోడు ఫోటోలు తీయడానికి నాలుగు వెబ్‌క్యామ్‌లు ఒకే హబ్‌కి గుచ్చాను. మొదటిది నడిచింది, రెండోది స్ట్రీమ్ ఆన్ దగ్గర చోటు లేదంది. డిస్క్ నిండిందనుకుని రెండు నెలల పాత ఫోటోలు చెరిపేశాను. ఆ తర్వాతే తెలిసింది, చోటు లేనిది డిస్క్‌లో కాదు, యూఎస్‌బీ తీగ మీద. మిల్లు గుమాస్తా చాలా రోజులు ఆ ఫోటోల గురించి అడుగుతూనే ఉన్నాడు.

లెక్క ఇదీ. యూఎస్‌బీ 2లో సెకనుకి 8000 మైక్రోఫ్రేములు. ఒక ఐసోక్రోనస్ (తన వంతు ముందే రిజర్వ్ చేసుకునే) కెమెరా ఒక్కో మైక్రోఫ్రేములో గరిష్ఠంగా 3072 బైట్లు రిజర్వ్ చేసుకోగలదు. మైక్రోఫ్రేము మొత్తం 7500 బైట్లు, అందులో ఇలాంటి రిజర్వేషన్లకు 80 శాతమే, అంటే 6000. రెండు కెమెరాలు చెరో 3072 అడిగితే 6144. అయిపోయింది. 640×480 యుయ్‌వై 30 ఫ్రేముల చొప్పున ఒక్క కెమెరాకే మైక్రోఫ్రేముకి 2304 బైట్లు నికరంగా కావాలి, కెమెరాలు సాధారణంగా దానికి పై మెట్టే ఎంచుకుంటాయి.

బఫర్లు తగ్గించినా, ర్యామ్ పెంచినా ఇది మారదు. ఫ్రేము రేటు తగ్గించండి, రిజల్యూషన్ తగ్గించండి, లేదా రెండో కెమెరాని వేరే హోస్ట్ కంట్రోలర్ మీదకి మార్చండి. హబ్ మార్చడం కాదు, కంట్రోలర్. ఎల్ఎస్‌యూఎస్‌బీని మైనస్ టీతో నడిపితే ఏది ఏ చెట్టు కొమ్మ మీద ఉందో కనిపిస్తుంది. ధర్మకాటా దగ్గర చివరికి ఒక పీసీఐఈ యూఎస్‌బీ కార్డు కొని పెట్టాను.

ఎంజేపెగ్‌కి మార్చినా అదే ఎర్రర్. క్వర్క్స్ 128 పెట్టినా మారలేదు.

ఎంజేపెగ్‌లో డేటా తగ్గుతుంది నిజమే, కానీ చాలా కెమెరాలు రిజర్వేషన్ మాత్రం పూర్తిగా అడుగుతాయి. ముగ్గురే వెళ్తూ బస్సు మొత్తం బుక్ చేసినట్టు. యూవీసీ మాడ్యూల్‌కి ఇచ్చే క్వర్క్స్ 128 కెమెరా చెప్పిన అంకెని పక్కన పెట్టి డ్రైవరే లెక్కేసుకునేలా చేస్తుంది, కానీ కంప్రెస్ కాని ఫార్మాట్లకే. ఎంజేపెగ్‌కి అది ముట్టదు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఈ 128నే సర్వరోగ నివారిణిలా రాస్తారు.

ఇండస్ట్రియల్ కెమెరా కంపెనీ ఇచ్చిన ఎస్‌డీకే సాఫ్ట్‌వేర్‌తో పెద్ద రిజల్యూషన్‌లో ఫ్రేములే రావట్లేదు. చిన్నదైతే వస్తున్నాయి.

ఆ ఎస్‌డీకే చాలావరకు, ప్రోగ్రాం నుంచే యూఎస్‌బీని నడిపే లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీ మీద నడుస్తోంది. అది వాడే కెర్నెల్ దారి యూఎస్‌బీఎఫ్‌ఎస్‌కి సిస్టం మొత్తానికీ కలిపి డిఫాల్ట్ హద్దు 16 ఎంబీ. ఒక్కో కెమెరాకి కాదు, అన్నిటికీ కలిపి. 2448×2048 మోనో ఫ్రేము 50,13,504 బైట్లు, మూడు పడితే నిండిపోతుంది. రెండో కెమెరా ఫ్రేముకి చోటే మిగలదు.

సిస్ ఫైల్ సిస్టంలో యూఎస్‌బీకోర్ మాడ్యూల్ పారామీటర్ల కింద యూఎస్‌బీఎఫ్‌ఎస్_మెమరీ_ఎంబీ ఫైల్ ఉంటుంది. రూట్‌గా అందులో 1000 రాసి చూడండి, వెంటనే పని చేస్తుంది. రీబూట్ అయితే పోతుంది కాబట్టి గ్రబ్ బూట్ లైన్‌లో కూడా పెట్టుకోండి. మామూలు వెబ్‌క్యామ్ యూవీసీ డ్రైవర్‌తో నడుస్తుంటే ఈ అంకెతో ఏ సంబంధమూ లేదు.

## స్ట్రీమ్ నడుస్తుండగా

ఫ్రేములు పోతున్నాయి. బఫర్లు 4 నుంచి 16కి పెంచితే ఆగుతుందా?

మీ ప్రోగ్రాం సగటున ఫ్రేముకి 33 మిల్లీసెకన్లలోపే పని ముగించి, అప్పుడప్పుడు మాత్రం వెనకబడుతుంటే ఆగుతుంది. సగటే 40 అయితే ఎన్ని పెట్టినా ఆగదు, మొదటి నష్టం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుందంతే.

ఏదో తేల్చుకోవడానికి డీక్యూబఫ్ ఇచ్చే సీక్వెన్స్ నంబర్లు ప్రింట్ చేయండి. 41, 42, 43, 51 అని ఎప్పుడో ఒకసారి పెద్ద దూకుడు ఉంటే డిస్క్‌నో ఇంకో ప్రాసెస్‌నో అనుమానించండి, బఫర్లు పెంచడం పని చేస్తుంది. 41, 43, 45, 47 అని క్రమంగా దూకుతుంటే మీ కోడే నెమ్మది.

కెమెరా ముందు చెయ్యి ఊపితే మూడు సెకన్ల తర్వాత తెర మీద కదులుతోంది. ఓపెన్‌సీవీ వాడుతున్నాను.

ఓపెన్‌సీవీ ఈ దారిలో డిఫాల్ట్‌గా 4 బఫర్లు తీసుకుంటుంది. మీ మోడల్ ఒక్కో ఫ్రేముకి సెకను తింటుంటే, ఒకటి మీ చేతిలో ఉండగా మిగతా మూడూ నిండి వరసలో ఎదురుచూస్తుంటాయి. రీడ్ పిలిచిన ప్రతిసారీ వచ్చేది అన్నిటికన్నా పాతది. అందుకే ఆ మూడు సెకన్లు. బఫర్ సైజ్ ప్రాపర్టీని 1 చేస్తే కొంత తగ్గుతుంది. గట్టి మందు మాత్రం వేరే థ్రెడ్: అది ఆగకుండా చదువుతూ తాజా ఫ్రేము ఒక్కటే ఉంచి మిగతావి పారేయాలి.

స్ట్రీమ్ ఆన్ విజయవంతం, కానీ డీక్యూబఫ్ దగ్గర శాశ్వతంగా ఆగిపోయింది.

మ్యాప్ చేశారు, క్యూబఫ్ చేయడం మరిచారు, లేదా ఒక్కటే చేశారు. డ్రైవర్‌కి కనీసం మూడు కావాలనుకోండి, ఆ మూడూ క్యూలో పడేదాకా హార్డ్‌వేర్‌ని మొదలే పెట్టదు, స్ట్రీమ్ ఆన్ మాత్రం సరేనంటుంది.

ఆర్మ్ బోర్డులో మ్యాప్ చేసిన బఫర్ నుంచి మెమ్‌కాపీ చచ్చేంత నెమ్మది. ఎందుకు?

ఆ బఫర్ క్యాష్ లేకుండా మ్యాప్ అయి ఉంటుంది. డీఎంఏకీ సీపీయూకీ ఒకే బొమ్మ కనిపించాలని అలా చేస్తారు. అందులోంచి బైటు బైటుగా చదివితే ప్రతిసారీ ర్యామ్ దాకా వెళ్లి రావాలి. ఒక్కసారి వరసగా మొత్తం మామూలు మెమరీలోకి కాపీ చేసుకుని పని అక్కడ చేయండి. లేదా సీపీయూ ముట్టకుండా డీఎంఏబఫ్‌గా (డివైస్‌ల మధ్య పంచుకునే బఫర్) నేరుగా ఎన్‌కోడర్‌కి ఇవ్వండి.

## ఆపేశాక

రెక్‌బఫ్స్ సున్నా పిలిచాను, అయినా సీఎంఏ తిరిగి రాలేదు.

ఎక్స్‌పోర్ట్ చేసిన డీఎంఏబఫ్ ఫైల్ డిస్క్రిప్టర్ ఒకటి ఎక్కడో తెరిచే ఉంది. ఒక్కటి మిగిలినా ఆ బఫర్ మెమరీ వదలదు. మీరు క్లోజ్ చేసినా, సాకెట్ ద్వారా ఇంకో ప్రాసెస్‌కి పంపి ఉంటే అక్కడ కూడా మూయాలి. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో డీఎంఏ_బఫ్ కింద బఫ్‌ఇన్ఫో చూస్తే ఇంకా బతికున్నవన్నీ సైజులతో సహా కనిపిస్తాయి.

## డ్రైవర్ మీరే రాస్తుంటే

క్యూ_సెటప్‌లో (ఎన్ని బఫర్లు, ఎంత సైజు అని డ్రైవర్ చెప్పే ఫంక్షన్) నేనే ఒక ఎంబీ హద్దు పెట్టాలా?

వద్దనే నా అభిప్రాయం. 2011లో 2.6.39 కెర్నెల్‌తో వచ్చిన వీడియోబఫ్2 అనే బఫర్ల లైబ్రరీ ఆ పని చూసుకుంటుంది. అడిగినన్ని దొరక్కపోతే దొరికినన్నిటితో మీ క్యూ_సెటప్‌ని మళ్లీ పిలిచి సరేనా అని అడుగుతుంది. మీరు చెప్పాల్సింది ప్లేన్‌కి (ఫ్రేములో విడిగా దాచే ఒక్కో భాగానికి) ఎంత సైజు, హార్డ్‌వేర్‌కి కనీసం ఎన్ని, అంతే. ఒకటి మాత్రం మరవకండి. ప్లేన్‌ల సంఖ్య ముందే నిండి వస్తే అది అదనపు బఫర్లు అడిగే క్రియేట్‌బఫ్స్ నుంచి వచ్చిన పిలుపు, అక్కడ సైజు చాలుతుందో లేదో చూడాలి తప్ప మీ సైజు రుద్దకూడదు.

స్ట్రీమ్ ఆపగానే "లీవింగ్ బఫర్ ఇన్ యాక్టివ్ స్టేట్" అని లాగ్‌లో తిట్టు వస్తోంది.

స్టాప్_స్ట్రీమింగ్ ముగిసేలోపు మీ దగ్గరున్న ప్రతి బఫర్‌నీ ఎర్రర్ స్థితితో వెనక్కి ఇవ్వాలి. లిస్టులో ఉన్నవన్నీ ఇచ్చి, హార్డ్‌వేర్ అప్పుడే రాస్తున్న ఒక్కదాన్ని మరిచిపోవడం మామూలు. స్టార్ట్_స్ట్రీమింగ్ మధ్యలో ఫెయిల్ అయినా అదే బాధ్యత, కానీ అప్పుడు ఇవ్వాల్సింది క్యూడ్ స్థితితో.

చేతిలో హార్డ్‌వేర్ లేకుండా ఇవన్నీ పరీక్షించొచ్చా?

వివిడ్ అనే ఉత్తుత్తి కెమెరా డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది. మాడ్యూల్ లోడ్ చేస్తే రంగు పట్టీల వీడియో ఇస్తుంది, కావాలని ఎర్రర్లు పుట్టించే కంట్రోల్స్ కూడా ఉన్నాయి. మీ అప్లికేషన్‌ని దాని మీద నడిపి, వీ4ఎల్2 కంప్లయన్స్ టూల్‌ని మీ డ్రైవర్ మీద మైనస్ ఎస్‌తో నడపండి. ఆ మైనస్ ఎస్ లేకపోతే స్ట్రీమింగ్ పరీక్షలు జరగవు, అన్నీ పాస్ అన్నట్టు కనిపిస్తుంది.